మర్నాడు కాలు చూపించాలి

ఇల్లందు బజార్లో ఇప్పుడు ఫోన్ కవర్లు వేలాడదీసి అమ్ముతున్న కొట్టు ఉంది చూశారా, అక్కడ మొన్నమొన్నటి దాకా చెప్పుల దుకాణం ఉండేది. అది ఎందుకు మూతపడిందని ఎవరినడిగినా ఒకటే మాట చెప్తారు. అంతా ఆన్‌లైన్ అయిపాయె, ఇంక దుకాణానికి ఎవడొస్తడు అని. విని నేనూ తలూపుతాను. బజార్లో సగం కొట్లు అట్లాగే పోయాయి, కాదనను. ఈ దుకాణం మాత్రం అట్లా పోలేదు. దీన్ని నేను మూయించాను. ఎట్లా మూయించానో రాస్తాను. క్షమించమని అడగడానికైతే కాదు, నన్ను క్షమించాల్సిన ఇద్దరిలో ఒక్కరికీ ఇది చదివే ఓపిక లేదు.

మా ఆయనకు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో షిఫ్టు డ్యూటీ. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉంటారు. క్వార్టర్లో పగలంతా ఉండేది నేనూ, మా అత్తమ్మా. ఆమెకు షుగరు ఉంది, బజారు పిచ్చి ఉంది. రెండింటికీ మందు లేదు. కొత్తిమీర కట్ట కోసం వెళ్లిందంటే రెండు గంటలు పట్టేది. కంసాలి కూతురి కాన్పు ఎట్లా అయిందో కావాలి, గాజులామె మొగుడు తాగడం మానాడో లేదో కావాలి. పోనీ అడిగి ఊరుకుంటుందా? మా ఇంట్లో ఏం కూర వండారో, నేను ఎన్నింటికి లేచానో అన్నీ అక్కడ చెప్పి వచ్చేది. నేను బజారుకు వెళ్తే గాజులామె నవ్వుతూ అనేది, "ఏందమ్మా, నిన్న పప్పు మాడ్చినవట?" అని. ఒళ్లు మండిపోయేది.

ఫోన్లో సరుకులు తెప్పించుకోవడం నేర్చుకున్నాక నా పంట పండింది. మొదట సబ్బులు, తర్వాత పప్పులు, తర్వాత చీపురు, చివరికి కూరగాయలు కూడా. ఆమె బజారుకు వెళ్లడానికి ఉన్న సాకులన్నీ ఒక్కొక్కటే తెంపేశాను. పొద్దున్నే స్నానం చేసి సంచి పట్టుకుని నిలబడేది.

"ఇయ్యాల ఏం దెద్దునే?"

"ఏం వద్దత్తమ్మా. అన్నీ ఇంటికే వస్తయి."

సంచిని మళ్లీ మేకుకు తగిలించి వచ్చి కూర్చునేది. అబద్ధమెందుకు, ఆమె అట్లా తగిలించడం చూస్తే నాకు బాగుండేది. అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. అత్త ఉండి కూడా బజారుకు వెళ్లకపోతే కోడలికి అంతకన్నా సుఖం ఇంకేముంది?

ఇక మిగిలింది చెప్పుల దుకాణం ఒక్కటే. అది మాత్రం ఫోన్లోకి మారలేదు. ఎందుకంటే ఆ దుకాణం ఆయనది ఒక పద్ధతి. షుగరు ఉన్నవాళ్లు చెప్పులు కొంటే మర్నాడు వచ్చి కాలు చూపించాలి. అమ్మిన మనిషి, డబ్బులు తీసుకున్న మనిషి, మర్నాడు మళ్లీ కింద కూర్చుని ముసలివాళ్ల అరికాళ్లు ఒళ్లో పెట్టుకుని చూసేవాడు. వేళ్ల సందులు విడదీసి చూసేవాడు. ఎక్కడైనా ఎర్రగా కందితే ఆ చెప్పు లాక్కుని పట్టీని సుత్తితో కొట్టి మెత్తబరిచేవాడు, లేకపోతే లోపల అట్ట వేసేవాడు. దానికి ఒక్క రూపాయి పుచ్చుకునేవాడు కాదు. "షుగరు కాలుకు నొప్పి తెల్వది పెద్దమ్మా, దాని బదులు మనమే సూస్కోవాలె" అనేవాడు. వాళ్లమ్మ కాలు అట్లాగే పోయిందని అత్తమ్మే నాకు చెప్పింది. ఆమె ఆ మర్నాటి కోసం పండుగకు ఎదురుచూసినట్టు ఎదురుచూసేది. కాళ్లు సబ్బుతో రుద్ది కడుక్కుని, మంచి చీర కట్టుకుని వెళ్లేది. పరాయి మగాడితో కాళ్లు పట్టించుకోవడానికి ఇంత సింగారమేమిటని నేనొకసారి అన్నాను కూడా. ఆమె ముఖం మాడిపోయింది. అయినా వెళ్లింది.

కిందటేడు ఆమె చెప్పులు అరిగిపోయాయి. నేనే వెంటపెట్టుకుని తీసుకెళ్లాను, ప్రేమతో కాదు, చెప్పు నంబరు కోసం. ఆమెకు ఎడమ కాలు వాపు, కుడి కాలు చిన్నది. ఫోన్లో ఏ నంబరు నొక్కాలో నాకు తెలియదు. కావాలనే పొద్దున్నే, షట్టరు ఎత్తుతుండగానే వెళ్లాం. బోణీ వేళ ఎవడైనా కాదనకుండా అన్నీ చూపిస్తాడని నాకు తెలుసు.

చూపించాడు పాపం. పాత పేపరు పరిచి, ఆమె పాదాలు రెండూ దాని మీద పెట్టించి, పెన్సిలుతో చుట్టూ గీశాడు. బొటనవేలు నొక్కి చూశాడు, మడమ నొక్కి చూశాడు. అటక మీంచి ఆరేడు జతలు దించాడు. ఆమె ఊరంతటి కబుర్లూ ఆయనతో చెప్పింది. ఆయన అన్నింటికీ "అవ్ పెద్దమ్మా, అవ్" అంటూ విన్నాడు.

"నంబరెంతన్నా?" అన్నాను.

"ఎడమదానికి ఏడు, కుడిదానికి ఆరు చెల్లె. ఏడే తీస్కుందాం. కుడి దాంట్ల కాలు జారకుండ ముందర అట్ట ఏస్త."

నేను వినాల్సింది ఏడు అన్న మాట ఒక్కటే. అట్ట సంగతి నా చెవికెక్కలేదు. "మళ్లొస్తమన్నా" అని లేచాను. ఆయన అర్థం చేసుకున్నాడు. నాలాంటి వాళ్లు రోజుకు ఎంతమంది వస్తున్నారో ఆయనకు తెలియదా? కాలు కొలిపించుకుని, ఫొటో తీసుకుని పోయేవాళ్లు.

"బోణీ వేళ చెల్లె. ఏదో ఒకటి తీస్కపో, ఉత్తగ పోకు. ధర నువ్వే జెప్పు."

"మళ్లొస్తమన్నా కదా" అని కసిరాను. అత్తమ్మ సిగ్గుతో తల ఎత్తలేదు. ఇంటికొచ్చే దాకా నాతో మాట్లాడలేదు. అబ్బో, పౌరుషం అనుకున్నాను.

నాలుగు రోజుల్లో పార్సిల్ వచ్చింది. డాక్టర్లు చెప్పినవట, మెత్తటి అడుగట, ఫొటో కింద అన్నీ మెచ్చుకోళ్లే. ధర కూడా తక్కువే. ఆమెకు తొడిగాను. అటూ ఇటూ నడిచి "కుడిది జర్ర జారుతుంది" అంది. కొత్తవి అట్లాగే ఉంటాయి, అలవాటవుతుంది అన్నాను. మర్నాడు పొద్దున లేచి చూస్తే కాళ్లు కడుక్కుని, మంచి చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఏందత్తమ్మా, ఎక్కడికి?"

"కాలు సూపెట్టాలె గదనే."

"ఎవరికి? ఫోనుకా?" నాకు నవ్వాగలేదు. ఫోన్ తీసి ఆమె పాదం ముందు పెట్టాను. "ఇగో చాపు. బాగ చూస్తది."

ఆమె కూడా కాస్త ఆగి నవ్వింది. తర్వాత మెల్లగా అంది, "గా పిల్లగాని కాడికే పోయి సూపెట్టుకొస్త తియ్యే."

"వేరే కాడ కొన్నయి ఏస్కొని ఆయన కాడికి పోతవా? సిగ్గనిపిస్తలేదా?"

ఆమె మంచి చీర విప్పి మడతపెట్టుకుంది. ఇంక ఆ మాట ఎత్తలేదు. బజారుకు పోనివ్వను కనుక సాయంత్రాలు క్వార్టర్ల సందుల్లోనే తిరిగేది, ఆ చెప్పులతోనే. కుడి చెప్పులో పాదం ముందుకు జారి, బొటనవేలి పక్కన పట్టీ కుట్టు ఒరుసుకునేది. నొప్పి తెలియని కాలు. రక్తం వచ్చినా, పుండు పడినా ఆమెకు తెలియలేదు. తెలిసిన రోజున నాకు చెప్పలేదు. గుడ్డపేలిక చుట్టుకుని, మీద చీర కుచ్చిళ్లు దించుకుని తిరిగింది. ఎందుకు చెప్పలేదే అని తర్వాత మా ఆయన అడిగితే, "అది తిడ్తదని" అంది. నాకు తెలిసింది వాసన వచ్చాకే. గుడ్డ విప్పి చూశాను. వేలు నల్లగా ఉంది.

ఇల్లందులో చూసి ఖమ్మం తీసుకుపొమ్మన్నారు. ఖమ్మం దవాఖానలో ముందు రెండు వేళ్లు తీశారు. అక్కడితో ఆగలేదు. వారం తిరిగేసరికి పాదం సగం తీశారు. మా ఆయన వరండాలో తల పట్టుకుని కూర్చున్నాడు. ముదిగొండ నుంచి మా ఆడబిడ్డ దిగింది. ఆమె నోరు ముందూ, ఆమె వెనుకా నడుస్తాయి. వచ్చీ రాగానే సంచిలో ఉన్న చెప్పులు బయటికి తీసింది.

"వదినా, గీ చెప్పులు యాడ కొన్నరు?"

అమ్మ చెప్పుల విషయంలో ఫోన్ జోలికి పోవద్దనీ, ఆ దుకాణం ఆయన దగ్గరే కొనమనీ ఆమె నాకు ముందే చెప్పి ఉంది. మా ఆయన తల ఎత్తి నా వైపు చూస్తున్నాడు. నాకు ఆలోచించే వ్యవధి లేదు. ఉన్నా అదే చెప్పేదాన్నేమో.

"ఇంకెక్కడ? ఎప్పుడూ కొనే దుకాణంలనే" అన్నాను.

మంచం మీద అత్తమ్మ కళ్లు తెరిచే ఉంది. అన్నాచెల్లెళ్లిద్దరూ టీ తాగడానికి కిందికి వెళ్లాక నన్ను పిలిచింది.

"గట్లెందుకన్నవే? పాపం గా పిల్లగాడేం జేసిండు?"

నేను మంచం మీదికి వంగాను. "నిజం చెప్తే నీ కొడుకు నన్ను పుట్టింటికి పంపుతడు. పంపనియ్. రేపు నీ కట్టు ఎవరు విప్పుతరు? నీ బిడ్డనా? ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరం కూసున్నది, చూసినవు గదా. నిన్ను పాయఖానకు ఎవరు తీస్కపోతరు?"

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఆ మాటలు కోపంలో అనలేదు. చాలా నెమ్మదిగా, దుప్పటి సర్దుతూ అన్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అక్కడితో ఆగినా ఇంట్లో మాట ఇంట్లో ఉండేది. మా ఆడబిడ్డ ఆగే రకమా? కట్టు మార్చేటప్పుడు కాలు ఫొటో తీసింది. పక్కన చెప్పులు పెట్టి ఇంకో ఫొటో తీసింది. ఇల్లందు వాళ్లంతా ఉన్న గ్రూపులో పెట్టి, కింద తన గొంతు కూడా పెట్టింది. "అన్నలారా, అక్కలారా, గిది మా అమ్మ కాలు. బజార్ల చెప్పుల దుకాణపాయన షుగరున్నదని తెల్సి గూడ గీ నాసిరకం చెప్పులు అంటగట్టిండు. మీ ఇండ్లల్ల ముసలోళ్లుంటె పైలం."

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. ఒకటే మోత. నిప్పు లేనిదే పొగొస్తదా అని ఒకడు. వాడు మొదటి నుంచీ గంతే అని ఇంకొకడు. ఆ దుకాణం గడప తొక్కని వాళ్లు కూడా తిట్టారు. పాదాలు ఆయన ఒళ్లో పెట్టి చూపించుకున్న వాళ్ల కొడుకులు కూడా తిట్టారు. గాజులామె కూడా "అయ్యో పెద్దమ్మ" అని పెట్టింది. మధ్యలో ఆయన మెసేజ్ ఒకటి వచ్చింది. "ఆ చెప్పులు నా షాపువి కావు. పెద్దమ్మ నా దగ్గర కొనలేదు." కొనలేదని ఎట్లా చూపిస్తాడు? మా బజార్లో చెప్పులకు బిల్లు ఇచ్చేవాడూ లేడు, అడిగేవాడూ లేడు. ముఖం చూసి కొంటాం, ముఖం చూసి అమ్ముతారు. ఆయన మాట మీద తిట్లు కుప్పగా పడి అది పైకెక్కడికో వెళ్లిపోయింది.

నేను "అది నిజమే, అవి ఫోన్లో కొన్నవి" అని రాశాను. రాసి చూసుకుని చెరిపేశాను. అందరూ ఏదో ఒకటి పెడుతున్నారు, ఇంటి కోడలు పెట్టకపోతే అనుమానం వస్తుందని ఏడుపు ముఖం బొమ్మ ఒకటి పెట్టాను. కాసేపటికి దానికి చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. ధైర్యంగా ఉండమ్మా అని నాకు ఓదార్పులు.

అసలే గిరాకీ లేక ఈగలు తోలుకుంటున్న మనిషి. గోరుచుట్టు మీద రోకటి పోటయింది. అత్తమ్మను ఇంటికి తెచ్చిన తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మా క్వార్టరుకు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, పెద్దమనుషులను వెంటేసుకుని రాలేదు. మా ఆయనకు సెలవు. ఆడబిడ్డ కూడా ఉంది. నేను ముందు గదిలో కింద కూర్చుని అత్తమ్మకు కట్టు మారుస్తున్నాను. పాత కట్టు విప్పి, పుండు తుడిచి, కొత్త గుడ్డ చుట్టడం మొదలుపెట్టాను. ఆయన గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి నిలబడ్డాడు. సగం పాదం వైపు చూసి కళ్లు మూసుకున్నాడు.

"ఆ చెప్పులు ఒకపాలి సూపెట్టు తమ్మీ" అన్నాడు మా ఆయనతో.

ఆడబిడ్డ కిటికీలో పెట్టిన కవరు తీసి ఆయన ముందు విసిరింది. తిప్పి అడుగు చూశాడు. లోపల చెయ్యి పెట్టి పట్టీ కుట్టు తడిమాడు. ఆ వేలు కుట్టు దగ్గర ఆగిపోయింది.

"గిది నా సరుకు కాదు. గీ కంపెనీ నా కాడ ఎన్నడు లేదు. నేను అమ్మితే గీ కుట్టు గిట్లుండనిస్తనా?"

"అంటే మా ఇంటామె అబద్ధమాడ్తాందంటవా?" అన్నాడు మా ఆయన.

దుకాణం ఆయన నా వైపు చూశాడు. "చెల్లె, నువ్వు బోణీ వేళొచ్చి కాలు కొలిపిచ్చుకొని పోయినవు. అంతేనా కాదా?"

"తెల్లారి నేను పనిల ఉంటె అత్తమ్మ ఒక్కతే వచ్చి కొనుక్కున్నది" అన్నాను. నోట్లోంచి అట్లా వచ్చేసింది, సులువుగా.

ఆయన నా వైపు నుంచి తిరిగాడు. అత్తమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఎప్పుడూ దుకాణంలో కూర్చున్నట్టే.

"పెద్దమ్మా, నువ్వు జెప్పు. నీ మాటే ఆఖరు. నువ్వు నా కాడ కొన్ననంటె, రేపే షట్టరు దించి పోత. నీ కాలు నా చేతుల మీదికెల్లి పోలేదని, గంత మాత్రం జెప్పు. నాకు గా ఒక్కటి చాలు."

నేను గుడ్డ చుట్టడం ఆపేశాను. కావాలనే ఆపాను. గుడ్డ చుట్ట నా చేతిలో ఉంది, దాని కొస ఆమె పుండు మీద ఉంది. అత్తమ్మ ముందు ఆయన ముఖం చూసింది, తర్వాత కూతురి ముఖం చూసింది. కూతురి ముక్కు మీద కొంగుంది. తర్వాత నా చేతుల వైపు చూసింది. నేను తల ఎత్తలేదు, చేతులు కదపలేదు. పుండు మీద ఈగ వాలితే కూడా తోలలేదు.

"నీ కాన్నే కొన్న బిడ్డా" అంది అత్తమ్మ. "కాలు సూపెట్టనీకి నేనే రాలేదు. మరిచిన."

ఆయన అట్లాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు. కోప్పడతాడనుకున్నాను, ఒట్టు పెట్టమంటాడనుకున్నాను. ఆమె పుండు మీది ఈగను చేత్తో తోలాడు. లేచి, "తడవనియ్యకు పెద్దమ్మా" అని బయటికి వెళ్లిపోయాడు.

"విన్నరా అందరు?" అంటూ ఆడబిడ్డ చేతిలోని ఫోన్ దించింది. మొదటి నుంచీ వీడియో తీస్తూనే ఉందట. ఆయన మా సందు దాటక ముందే గ్రూపులో పెట్టేసింది. మా ఆయన తల అడ్డంగా ఊపుతూ, "ఎంత మోసగాడు, చూడనీకి దేవుడు లెక్క ఉంటడు" అన్నాడు. నా ఫోన్ పక్కనే చాప మీద మోగడం మొదలుపెట్టింది.

అత్తమ్మ నా వైపు చూడలేదు. సగం పాదాన్ని నా ఒళ్లోకి కాస్త ముందుకు జరిపింది.

"చెప్పిన గదనే" అంది. "ఇగ కట్టు."

కట్టాను.